మా థెరపిస్టు సినిమాలో డాక్టర్‌లా లేరు... మానేయమంటారా?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఓ పాఠకురాలు చేత్తో రాసిన నాలుగు పేజీల ఉత్తరం పంపారు. వయసు 31. సొంతూరు కోనసీమలో ఓ పల్లె. రెండేళ్ల కిందట నిశ్చితార్థం అయ్యాక పెళ్లి ఆగిపోయింది. అప్పట్నుంచి నిద్ర సరిగా లేదు. ఆఫీసులో ఎవరైనా కాస్త గొంతు పెంచితే చాలు, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఓటీటీలో ‘డియర్ జిందగీ’ చూశాక ధైర్యం తెచ్చుకుని ఓ క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గర చేరారు. ప్రతి గురువారం వెళ్తున్నారు, సెషన్‌కి 1,500 రూపాయలు. ఇప్పటికి పదకొండు సెషన్లయ్యాయి.

ఆమె బాధ ఇదీ: "సినిమాలో డాక్టర్ హీరోయిన్‌ని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్తాడు, సైకిల్ మీద తిప్పుతాడు, నవ్విస్తాడు. ఈయనేమో కుర్చీలోంచి లేవరు. నేను ఏడుస్తున్నా యాభై నిమిషాలు కాగానే ‘ఇవాళ్టికి ఇక్కడ ఆపుదాం’ అంటారు. ఓ రాత్రి 11:40కి వాట్సాప్‌లో మెసేజ్ పెడితే మర్నాడు పదింటికి ‘గురువారం మాట్లాడుకుందాం’ అని ఒక్క ముక్క. సంక్రాంతికి అమ్మ చేసిన అరిసెలు పట్టుకెళ్తే, తీసుకోనండీ, ఏమీ అనుకోవద్దు అన్నారు. ఆ డబ్బా అలాగే ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాను. మూడు రోజులు మూత తీయలేదు. మీకు పెళ్లయిందా అని అడిగితే, ఆ ప్రశ్న ఇప్పుడెందుకు వచ్చిందో చూద్దామా అన్నారు."

అంతటితో అయిపోలేదు. గురువారం వస్తే ఏ చీర కట్టుకోవాలా అని పొద్దున్నే ఆలోచిస్తున్నారట. ఓ ఆదివారం ఏ పనీ లేకపోయినా ఆ క్లినిక్ ఉన్న వీధిలోంచి బండి మీద వెళ్లొచ్చారట. "ఇది ప్రేమా, పిచ్చా? తలుచుకుంటేనే సిగ్గేస్తోంది" అని రాశారు. స్నేహితురాలు ఓ కౌన్సెలర్ పేరు చెబుతోంది. ఆయన కాఫీ షాపులో కలుస్తాడు, ఏ వేళప్పుడైనా మెసేజ్‌కి జవాబిస్తాడు, ‘నన్నో అన్నయ్య అనుకో’ అంటాడు. వాళ్లమ్మగారేమో "పెద్దమ్మ అల్లుడు సైకియాట్రిస్టే కదా, ఇంటికొచ్చి చూస్తాడు, విషయం బయటికి పొక్కదు" అంటున్నారు. ఉన్నచోటే ఉండాలా, మారాలా, అసలు మానేయాలా అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం:

మీ ఉత్తరంలో నాలుగో పేజీ అడుగున, సంతకానికి కాస్త పైన, ఇరికించి రాసిన ఓ వాక్యం ఉంది. "నిద్ర మాత్రం ఈమధ్య పడుతోందండీ, వారంలో నాలుగు రోజులైనా." దాన్ని మీరు అంత చిన్న అక్షరాల్లో ఎందుకు రాశారో నాకు తెలియదు గానీ, నేను ముందు చదవాల్సింది అదే. రెండేళ్లుగా పట్టని నిద్ర పదకొండు వారాల్లో సగానికి పైగా తిరిగొచ్చింది. డిప్రెషన్, ఆందోళనల మీద పద్ధతిగా చేసే థెరపీ సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు పడుతుంది. అంటే మీరు దారి మధ్యలో ఉన్నారు, పని జరుగుతోంది. ఆయన నచ్చడం లేదన్నది ఒక విషయం, ఆయన దగ్గర నయమవుతోందన్నది వేరే విషయం. ఈ రెండింటినీ కలిపేసి నిర్ణయం తీసుకోకండి.

ఇక ప్రేమా, పిచ్చా అని అడిగారు. పిచ్చి కాదు. ప్రేమ కాదని కొట్టిపారేయడానికీ లేదు, ప్రేమే అని నమ్మేయడానికీ లేదు. వారానికోసారి ఒక మనిషి మీ ఎదురుగా కూర్చుని, ఫోన్ చూడకుండా, మధ్యలో తన గొడవ చెప్పకుండా, మీరు చెప్పిందంతా వింటున్నాడు. పోయిన నెల మీరన్న మాట గుర్తుపెట్టుకుని ఈ నెల అడుగుతున్నాడు. ఇలా వినే మనుషులు మన జీవితాల్లో ఎంతమంది ఉంటారు? దాహంతో ఉన్నవాళ్లకి నీళ్లు దొరికితే ప్రాణం అటే లాగుతుంది. దానికి తోడు, వెనకటి మనుషుల మీద ఉండిపోయిన ఆశ, అలక, భయం మెల్లగా ఈ కొత్త మనిషి మీదికి మళ్లుతాయి. ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు దీన్ని. మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1915లోనే దీని మీద ప్రత్యేకంగా ఓ వ్యాసం రాశాడు. వైద్యులకి ఆయన చెప్పింది ఏమిటంటే, రోగి చూపే ప్రేమకి బదులివ్వకూడదు, అలాగని అణుచుకోమని నీతులూ చెప్పకూడదు. దాన్ని చికిత్స లోపలే ఉంచి, అదెక్కడి నుంచి వచ్చిందో ఇద్దరూ కలిసి వెతకాలి. నూరేళ్లు దాటినా ఆ మాట ఇంకా నిలబడే ఉంది.

మీ రెండో పేజీలో మీ నాన్నగారి గురించి నాలుగు లైన్లున్నాయి. కువైట్‌లో పనిచేసేవారు, రెండేళ్లకోసారి నెల రోజులు వచ్చేవారు, ఆఖరి వారమంతా మీరు క్యాలెండర్ చూస్తూ ఏడ్చేవారు అని. మీ థెరపిస్టు గడియారం వైపు చూసినప్పుడు మీకు గుండె జారుతోందన్నది మూడో పేజీలో రాశారు. ఈ రెండిటికీ ముడి ఉందని నేను తేల్చి చెప్పను. ఉత్తరం చదివి అలా చెప్పడం తప్పు. కానీ లెక్కపెట్టిన రోజులే ఉండి, చెప్పిన వేళకి వెళ్లిపోయే మనిషి మీద మనసు పెట్టుకోవడం మీకు ఇదే మొదటిసారి కాదేమో. ఇది అనుకోవాల్సిందీ, కాదనాల్సిందీ ఆ గదిలో మీరూ ఆయనా. అరిసెల డబ్బా కూడా అక్కడే విప్పాలి.

ఇప్పుడు సినిమాల సంగతి. మీరు వాటిని చూసి మోసపోయారని నేను అనను. ‘డియర్ జిందగీ’ 2016లో వచ్చాక సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్లడం సిగ్గుపడాల్సిన పని కాదని చాలామంది పైకి చెప్పగలిగారు. మీరూ ఆ సినిమా చూసే కదా తలుపు తట్టారు! అయితే సినిమాకి ఒక ఇబ్బంది ఉంది. రెండు కుర్చీలు, మధ్యలో టిష్యూ డబ్బా, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వింటున్నారు. మధ్యలో రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. పోయినవారం చెప్పిందే మళ్లీ చెప్తారు. కెమెరాకి ఇక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. అందుకని దర్శకులు ఆ ఇద్దరినీ గదిలోంచి బయటికి తెస్తారు. నెలల తరబడి పట్టే మార్పుని ఒక్క ఏడుపులో కుదిస్తారు. థెరపీ పని చేసిందని చూపించడానికి డాక్టర్ ఏదో ఒక నియమాన్ని దాటేలా చేస్తారు. నియమం దాటితేనే ఆయనకి నిజంగా ప్రేమ ఉన్నట్టు మనకి అనిపిస్తుంది. అసలు చిక్కంతా అక్కడే.

అమెరికాలో ఇర్వింగ్ ష్నైడర్ అనే సైకియాట్రిస్ట్ 1987లో తెర మీది మానసిక వైద్యులని మూడు రకాలుగా విడదీశాడు: తిక్క డాక్టర్, దుర్మార్గపు డాక్టర్, అద్భుతమైన డాక్టర్. మూడోవాడికి ఎప్పుడూ ఖాళీయే, అతనికి ఇంకో రోగి ఉన్నట్టే కనిపించదు. మొదటి ఇద్దరి వల్ల జనం థెరపీకి రావడానికి భయపడతారు, మూడోవాడి వల్ల వచ్చినవాళ్లు నిరాశపడతారు. మీకు తగిలింది మూడోవాడి దెబ్బ.

1997 నాటి ‘గుడ్ విల్ హంటింగ్’ చూడండి. అందులో థెరపిస్టు పాత్ర రాబిన్ విలియమ్స్‌కి ఆస్కార్ తెచ్చింది. మొదటి సెషన్‌లోనే, తన భార్య గురించి తప్పుగా మాట్లాడాడని, చికిత్సకి వచ్చిన కుర్రాడి గొంతు పట్టుకుంటాడు థెరపిస్టు. నిజంగా ఎవరైనా అలా చేస్తే అది దాడి, ఆ రోజుతో చికిత్స ముగిసినట్టే. ఆ కుర్రాణ్ని పంపించిన ప్రొఫెసర్‌తో, పాత స్నేహం కొద్దీ, కుర్రాడి విషయాలు చర్చిస్తాడు. అదీ కూడదు. కానీ అదే సినిమాలో ఇద్దరూ ఒక్క మాట లేకుండా కూర్చుని, సమయం అయ్యాక లేచి వెళ్లే సెషన్ ఒకటుంది. నాకు తెలిసి అందులో అన్నిటికన్నా నిజమైన సన్నివేశం అదే. దాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు, "నీ తప్పు కాదు" అని పదే పదే చెప్పి హత్తుకునే సన్నివేశమే అందరికీ గుర్తు. ఆ మాట నిజం కావచ్చు, ఏడుపూ నిజం కావచ్చు. అయితే ఒకసారి బాగా ఏడ్చినంత మాత్రాన మర్నాటినుంచి ఆఫీసులో గొంతు పెంచిన మేనేజర్ ముందు వణుకు తగ్గదు. ఏడ్చాక, ఆ వణుకు వచ్చిన ప్రతిసారీ ఏం చేయాలో నేర్చుకుని, పదిసార్లు చేసి చూసి, మూడుసార్లు విఫలమై, వచ్చి చెప్పుకోవాలి. మీ పదకొండు గురువారాలు వాటికే పోయి ఉంటాయి.

మన దగ్గర వేరే రకం పాఠం ఉంది. 1993 మలయాళ ‘మణిచిత్రతాళు’ దారిలో వచ్చిన 2005 ‘చంద్రముఖి’ మన ఇళ్లలో అందరూ చూశారు. అందులో సైకియాట్రిస్ట్, జబ్బున్న ఆమె భర్తకి స్నేహితుడు. అదే ఇంట్లో దిగుతాడు, అందరితో నవ్వుతూ తిరుగుతూ గమనిస్తాడు. జబ్బేమిటో భర్తకి చెబుతాడు. ఆమెని అడిగి వైద్యం మొదలుపెట్టడం మాత్రం ఉండదు. చివరికి ఓ రాత్రి నాటకం ఆడి నయం చేసేస్తాడు. కథగా చూడ్డానికి బాగుంటుంది. "మన అల్లుడే కదా, ఇంటికొచ్చి చూస్తాడు" అన్న మీ అమ్మగారి మాట వెనక మాత్రం ఈ బొమ్మే ఉంది: డాక్టర్ అంటే ఇంటి మనిషి, రోగికి అన్నీ చెప్పక్కర్లేదు, ఒక్క రాత్రిలో అయిపోతుంది.

ఒక పాత తెలుగు సినిమా గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. 1960లో గుత్తా రామినీడు దర్శకత్వంలో సావిత్రి నటించిన ‘చివరకు మిగిలేది’. సుచిత్రా సేన్ చేసిన బెంగాలీ సినిమా దానికి మూలం, తర్వాత 1969లో వహీదా రెహ్మాన్‌తో హిందీలో ‘ఖామోషీ’గానూ వచ్చింది. ఓ మానసిక వైద్యశాలలో పెద్ద డాక్టర్‌కి ఒక ఆలోచన వస్తుంది. ప్రేమ దెబ్బతిని మతిచెడినవాళ్లకి ప్రేమ నటిస్తే నయమవుతుందని. ఆ పని నర్సుకి అప్పగిస్తాడు. రోగికి నయమవుతుంది, వెళ్లిపోతాడు. ఆమెకి మాత్రం అది నటన కాకుండా పోతుంది. ఇంకో రోగితో మళ్లీ అదే పని చేయమంటారు. చివరికి ఆమే మతి తప్పి అదే ఆసుపత్రిలో రోగి అవుతుంది. చికిత్సకీ ప్రేమకీ మధ్య గీత చెరిపేస్తే ఏమవుతుందో ఇంత సూటిగా చూపిన సినిమాలు ఎక్కడైనా తక్కువే. తెర మీద నలిగిపోయింది నర్సు. బయట ఎక్కువగా నలిగేది రోగి, ఎందుకంటే తన గుట్టంతా అవతలి మనిషి దగ్గర ఉంటుంది, అవతలి మనిషి గుట్టు తన దగ్గర ఉండదు. ఆ తూకం సమానం కాదు. అందుకే అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమావళి చికిత్స నడిచేటప్పుడు శారీరక సంబంధాన్ని పూర్తిగా నిషేధించింది. ముగిశాక కూడా కనీసం రెండేళ్ల దాకా కూడదంది. ఆ తర్వాతైనా చాలా అరుదైన పరిస్థితుల్లో తప్ప తప్పే అంటుంది.

ఇంకో మాట. మీరు మళ్లీ మళ్లీ తలుచుకుంటున్న ‘డియర్ జిందగీ’లోనే చివరి సెషన్ ఇంకోసారి చూడండి. ఆమె తన ఇష్టం బయటపెడుతుంది. ఆయన ఆమెని చిన్నబుచ్చడు, మురిసిపోడు. ఇలాంటి చోట ఇలా అనిపించడం మామూలేనని చెప్పి, సెషన్లు అక్కడితో ముగిస్తాడు. బీచ్ మీది అల్లరి అంతా సినిమా, ఈ కాదనడం మాత్రం నిజం. మీ థెరపిస్టు అరిసెలు వద్దన్నదీ ఆ కోవలోకే వస్తుంది, చెప్పిన తీరు ఎలా ఉన్నా.

తీరు గురించి కూడా మాట్లాడాలి. మీ ఫిర్యాదులన్నీ సినిమా వల్ల వచ్చినవి కావు. కొన్నిటిలో న్యాయముంది.

సమయం. యాభై నిమిషాలకి ఆపడం సబబే. మిగిలిన పది నిమిషాల్లో ఆయన నోట్స్ రాసుకోవాలి, తర్వాతి మనిషికి సిద్ధం కావాలి. అంతకన్నా ముఖ్యం, ఇంతసేపే అని ముందే తెలిసిన గదిలో మనసు విప్పడం తేలిక, మళ్లీ మూసుకుని ఆఫీసుకి వెళ్లడమూ తేలిక. కానీ మీరు వెక్కుతుండగా హఠాత్తుగా ఆపడం సరికాదు. అనుభవమున్నవాళ్లు నలభయ్యో నిమిషం నుంచే మెల్లగా మూత వేయడం మొదలుపెడతారు, కొత్త పుండు కెలకరు. మీ వైపు నుంచీ ఒకటి చూసుకోండి: అసలు బరువైన విషయం మీరు ఎన్నో నిమిషంలో ఎత్తుతున్నారు? చాలామంది తలుపు గడియ మీద చెయ్యి వేశాకే అసలు మాట అంటారు. ఆయన్ని ఇలా అడగండి: "నలభై నిమిషాలయ్యాక ఓ మాట చెప్పండి, నాకు సర్దుకోవడానికి టైం కావాలి." ఇది అడగడానికి మీకు పూర్తి హక్కుంది.

రాత్రి మెసేజ్. థెరపిస్టు అర్ధరాత్రి జవాబివ్వకపోవడం తప్పు కాదు. అయితే సెషన్ల మధ్య ఏ విషయానికి మెసేజ్ పెట్టొచ్చు, ఎంతసేపట్లో చూస్తారు, బాగా కష్టమైన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి మొదటి సెషన్‌లోనే చెప్పి ఉండాలి. చెప్పలేదంటే అది ఆయన లోపం. ఈ గురువారం అడిగి, కాగితం మీద రాయించుకోండి. ఈలోగా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ ఫోన్‌లో పెట్టుకోండి: 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. పగలూ రాత్రీ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే గురువారం దాకా ఆగకండి, వెంటనే దానికి చేయండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రి క్యాజువాలిటీకి ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లండి.

అరిసెలు. పండగపూట ఇంటి పిండివంట వద్దనడం మన దగ్గర ఎంత మాటో ఆయనకి తెలియదని నేను అనుకోను. చిన్న తినుబండారం తీసుకునే థెరపిస్టులు ఉన్నారు, అస్సలు తీసుకోనివాళ్లూ ఉన్నారు, రెండూ తప్పు కాదు. వద్దన్నాక దాని వెనకున్న కారణం, మీకెలా అనిపించిందన్న ప్రశ్న ఆ రోజో మరుసటి వారమో రావాలి. రాలేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. మీరే ఎత్తండి.

పెళ్లయిందా అన్న ప్రశ్నకి ఆయన ఇచ్చిన జవాబు మాత్రం నాకు సబబుగానే అనిపించింది. అవునన్నా కాదన్నా ఆ జవాబు చుట్టూ మీరు ఓ కథ అల్లుకునేవారు.

ఇక మీ ముందున్న దారులు.

ఉన్నచోటే ఉండి, ఈ భావం సంగతి ఆయనకే చెప్పడం ఒకటి. నా మొగ్గు ఇటే, కానీ ఇది తేలిక కాదని తెలుసు. చెప్పాక ఆయన ఎలా స్పందిస్తారన్న దాన్ని బట్టి మిగతాదంతా తేలుతుంది. మంచి థెరపిస్టు కంగారుపడరు. "చెప్పడానికి చాలా ధైర్యం కావాలి" అని, అది ఎప్పుడు మొదలైంది, ఎలాంటి రోజుల్లో ఎక్కువవుతోంది, ఇలాగే ఇంకెవరి దగ్గర అనిపించింది అని అడుగుతారు. మన మధ్య బయట ఏ సంబంధమూ ఉండదని కూడా స్పష్టంగా అంటారు. ఆ మాట విన్నప్పుడు నొప్పిగా ఉంటుంది. ఒకటి రెండు వారాలు వెళ్లబుద్ధి కాదు. అయినా వెళ్లండి, చాలాసార్లు పెద్ద మార్పు ఆ తర్వాతే కనబడుతుంది.

కాస్త తక్కువ అనుభవమున్నవారైతే ఇబ్బంది పడి మాట మార్చొచ్చు, లేదా వెంటనే వేరేవాళ్ల దగ్గరికి వెళ్లమనొచ్చు. అది మీ తప్పు కాదు, ఆయన పరిమితి. అలా పంపినా ఒకటి రెండు ముగింపు సెషన్లు ఇచ్చి, పేర్లు చెప్పి పంపాలి గానీ తలుపు మూసేయకూడదు.

మూడోరకం స్పందన ప్రమాదం. ఆయన మురిసిపోయి, సెషన్‌ని సాయంత్రం ఆఖరి స్లాట్‌కి మార్చడం, ఫీజు వద్దనడం, తన ఇంట్లో గొడవలు మీకు చెప్పుకోవడం, బయట కలుద్దామనడం, ‘ఇది మన మధ్యే ఉండాలి’ అనడం. వీటిలో ఏ ఒక్కటి జరిగినా మళ్లీ వెళ్లకండి. మెసేజ్‌లు చెరిపేయకుండా దాచండి. క్లినికల్ సైకాలజిస్ట్ మీద రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి, సైకియాట్రిస్ట్ అయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. అలాంటప్పుడు ‘ముందు చెప్పింది నేనే కదా’ అని తమని తామే నిందించుకుని ఊరుకునేవాళ్లు చాలామంది. మీరు ముందు చెప్పడం చికిత్సలో భాగం. గీత దాటకుండా ఉండాల్సిన బాధ్యత ఎప్పుడూ, ఎలాంటి పరిస్థితుల్లోనూ, ఆయనదే.

థెరపిస్టుని మార్చడం రెండో దారి. అందులో తప్పేమీ లేదు. మీ సినిమాలో డాక్టరే అంటాడు కదా, కుర్చీ కొనేముందు నాలుగైదు కూర్చుని చూస్తామని. ఆయన అది ప్రేమల గురించి చెప్పాడు గానీ థెరపిస్టుల విషయంలోనూ సరిపోతుంది. మహిళ దగ్గరైతే నయమనిపిస్తే అలాగే చూసుకోండి. అయితే మారితే మళ్లీ మీ కథంతా మొదటినుంచి చెప్పడానికి రెండు మూడు సెషన్లు, అంటే ఇప్పటి లెక్కన ఓ 3,000 నుంచి 4,500 రూపాయలు పోతాయి. పైగా ఈ లాగుడు మీ లోపలిదే అయితే కొత్తచోటా ఏదో రూపంలో, అలకగానో కోపంగానో, మళ్లీ వస్తుంది. మారేటప్పుడు ఫోన్ ఎత్తడం మానేసి మాయమవ్వకండి. ఒక్క ముగింపు సెషన్ పెట్టుకుని, ఇప్పటిదాకా ఏం చేశారో ఓ పేజీ సారాంశం అడగండి. ఆగిపోయిన పెళ్లిలో చివరి మాట కూడా లేకుండా అవతలివాళ్లు మాయమయ్యారని మీరే రాశారు. ఈసారైనా ఒక బంధం మాట్లాడుకుని ముగియడం మీకు మేలు చేస్తుంది.

కాఫీ షాపు కౌన్సెలర్ విషయంలో నాకు సందేహం లేదు, వద్దంటాను. ఆయన చెడ్డవాడని కాదు, మీరు ఎవరో చెప్పగా విన్నదాన్ని బట్టి నేనలా అనలేను. కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకున్నవాళ్లందరి చదువూ ఒకటి కాదు. క్లినికల్ సైకాలజిస్ట్‌కైతే రెండేళ్ల ఎంఫిల్ లాంటి శిక్షణ, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటాయి, అడిగితే చూపిస్తారు. ఎమ్మే, ఎమ్మెస్సీ సైకాలజీ చేసి మంచి కౌన్సెలింగ్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు, వాళ్లకి ఆ నంబర్ లేకపోవచ్చు. అప్పుడు అడగాల్సింది: ఎక్కడ శిక్షణ పొందారు, మీ కేసుల్ని చర్చించే సీనియర్ ఎవరైనా ఉన్నారా, మీ వల్ల కానిది వస్తే ఎవరి దగ్గరికి పంపుతారు? ఈ మూడింటికి సూటిగా జవాబు రాకపోతే లేవండి. పక్క టేబుల్‌కి వినిపించే చోట నిశ్చితార్థం ఎందుకు పోయిందో మీరు చెప్పలేరు. ‘అన్నయ్య’ మీద కోపం వస్తే దాన్ని ఏం చేసుకుంటారు? అన్నయ్యని నొప్పించకూడదని మింగేస్తారు, ఇంట్లో ఇన్నేళ్లూ చేసింది అదే కదా. ఏ వేళప్పుడైనా జవాబిచ్చే మనిషి మొదటి నెల వరంలా ఉంటాడు. మూడో నెల, ఓ రాత్రి ఆయన నిద్రపోతే, మీరు తెల్లారేదాకా ఫోన్ చూస్తూ కూర్చుంటారు.

పెద్దమ్మ అల్లుడి సంగతి. అమ్మ భయం అర్థం చేసుకోదగ్గదే, పెళ్లి కావాల్సిన పిల్ల, నలుగురికీ తెలిస్తే ఎలా అని. కానీ మీరు మీ అమ్మగారి మీద కోపం చెప్పుకున్న మనిషి వచ్చే వైశాఖంలో ఎవరి పెళ్లిలోనో మీ అమ్మగారి పక్కనే కూర్చుని భోంచేస్తాడు. అప్పుడు మీరు ఎంత చెప్పగలరు? గుట్టు మాటకొస్తే, బయటి డాక్టర్ దగ్గరే అది ఎక్కువ భద్రం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చికిత్స వివరాల గోప్యతని హక్కుగా ఇచ్చింది. ఇంట్లో వైద్యానికి రికార్డూ సరిగా ఉండదు, గోప్యత నిలవడమూ కష్టం. ఆయన సాయం మరోలా తీసుకోండి: నిద్రకో దిగులుకో మందులు అవసరమా అని చూడాల్సి వస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో ఓ మంచి సైకియాట్రిస్ట్ పేరు చెప్పమనండి. అమ్మకి కూడా అల్లుణ్ని కాదన్నట్టు ఉండదు.

ఏమీ వద్దని మానేయడం కూడా ఒక దారే. ఒక మాట మాత్రం చూసుకోండి, ఆ వారంలో నాలుగు రాత్రుల నిద్ర కూడా పోతుందేమో.

ఆయనకి చెప్పాలనుకుంటే ఎలా చెప్పాలో రాస్తున్నాను, ఎందుకంటే నోరు పెగలనిది అక్కడే. ఆఖరి ఐదు నిమిషాల్లో చెప్పకండి, కూర్చున్న వెంటనే చెప్పండి. నాలుగు వాక్యాలు చాలు. "ఈ వారం ఒక విషయం మాట్లాడాలి, సిగ్గుగా ఉంది. మీ మీద నాకు ఇష్టం ఏర్పడింది, అది థెరపీకి అడ్డొస్తుందేమోనని భయంగా ఉంది. మీరు గడియారం చూసినప్పుడు, అరిసెలు వద్దన్నప్పుడు చాలా బాధపడ్డాను. దీన్ని మనం ఇక్కడ మాట్లాడుకోవచ్చా?" క్లినిక్ ఉన్న వీధిలోంచి వెళ్లిన ఆదివారం గురించి మొదటి రోజే చెప్పక్కర్లేదు, రెండో మూడో సెషన్‌కి అదే వస్తుంది. ఈలోగా మళ్లీ అటు వెళ్లాలనిపిస్తే వెళ్లకుండా, ఏ రోజు, ఎన్నింటికి అనిపించింది, దానికి ముందు ఏం జరిగింది అని రాసిపెట్టుకోండి. అమ్మతో ఫోన్ పెట్టేశాకా, ఆఫీసులో మాట పడ్డాకా, ఊరికే ఒంటరిగా ఉన్నప్పుడా అన్నది ఆ కాగితంలోనే తేలుతుంది.

ఆ నాలుగు వాక్యాలూ ముందురోజు రాత్రే, నాకు రాసినట్టే, చేత్తో రాసుకోండి. ఫోన్‌లో వద్దు, చేతిలో కాగితంగా పట్టుకెళ్లండి. గొంతు పూడుకుపోతే ఆయన చేతికిచ్చి చదవమనండి, ఆయన చదివేటప్పుడు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నా ఫర్వాలేదు.